బావ పక్క సీటు

ఈమధ్య నేను జర్మనీకి విమానంలో పడుకుని పోయాను. కూర్చుని కాదు, పడుకునే. కర్నూలు మార్కెట్టులో మా ఎర్రగడ్డల మండీకి ఉల్లిపాయలు తెచ్చే రైతులకు ఈ మాట చెబితే సగం మంది నమ్మలేదు. “విమానంలో మంచమేస్తారా అన్నా?” అని ఒకాయన నవ్వాడు. వేస్తారు. దిండు, దుప్పటి, కింద పరుచుకోవడానికి మెత్తటి పరుపు కూడా ఇస్తారు. బిజినెస్ క్లాసు అంటే అదే. అంత మంచం ఉండి కూడా ఆ రాత్రి నా కంటి మీద కునుకు పడలేదు. పక్క సీట్లో మా బావ ఉన్నాడు. ఆయనకూ నాకూ ఆరేండ్లుగా మాటల్లేవు.

బావ అంటే మా అక్క మొగుడు. బద్వేలాయన. ఇప్పుడాయనకు కడప బండలు తోలే లారీలు నాలుగైదు ఉన్నాయి గానీ, మొదట్లో ఉండేది ఒక్కటే. దానికి ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. మా నాయన మండీ నా చేతికి వచ్చిన కొత్తల్లో మద్రాసుకు పోయే సరుకంతా ఆ లారీలోనే పంపేవాణ్ణి. సరుకుతో పాటు నేనూ ఎక్కేవాణ్ణి. మండీ యజమాని లారీ ఎక్కి పోవలసిన పనేమీ లేదు. బావతో పోవడం నాకిష్టం, అంతే.

బావ లారీకి ఒక చట్టం ఉండేది. డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నవాడు నిద్రపోకూడదు. ఊరికే కండ్లు తెరుచుకుని కూర్చున్నా చాలదు, మాట్లాడుతూ ఉండాలి. “రాత్రి పూట లారీ డీజిలుతో నడవదప్పా, మాటలతో నడుస్తాది” అనేవాడు. కడప దాటి, రాజంపేట దాటి, కోడూరు అవతల అడవిలో పడేసరికి నా దగ్గర మాటలు అయిపోయేవి. అప్పుడు చిన్నప్పుడు బట్టీ పట్టిన ఎక్కాలు అప్పజెప్పేవాణ్ణి, తప్పులు ఆయన దిద్దేవాడు. తర్వాత రెండో డ్రైవరును పెట్టుకున్నాడు గానీ, వాడు నడుపుతుంటే ఈయనకు నిద్ర పట్టేది కాదు. స్టీరింగు ఇంకొకడి చేతిలో ఉంటే పడుకోలేని జబ్బు డ్రైవర్లందరికీ ఉంటుందట. “నువ్వు వాని పక్కన కూర్చో, అప్పుడు పండుకుంటా” అనేవాడు. నేను కూర్చుంటే వెనక బల్ల మీద పడి గురక పెట్టేవాడు. ఆ గురక నాకిచ్చిన మర్యాదగా అనుకునేవాణ్ణి.

అలాంటి మాకు చెడింది మేనకోడలి పెండ్లి దగ్గర.

మా వైపు పెండ్లి పత్రిక మొదటిది దేవుడి దగ్గర పెడతారు, రెండోది మేనమామకు ఇస్తారు. అదీ చేతికే ఇవ్వాలి. గడప దగ్గరికి వచ్చి, బొట్టు పెట్టి, అక్షింతలు చేతిలో పోసి, “మీరు రావాల” అని నోటితో అనాలి. ఎందుకంటే పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మంటపానికి మోసుకొచ్చేవాడు మేనమామే. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి, “నువ్వు సన్నగుండు, నీ గంప మోసేది నేను” అని ఆటపట్టించినవాణ్ణి నేను. పిలవడానికి వస్తారని మా ఇంటామె గోడలకు సున్నం కొట్టించింది, ఇత్తడి పళ్ళెం తోమి తాంబూలం సిద్ధం చేసింది. బావ కర్నూలు వచ్చాడు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక కాంట్రాక్టరు ఇంటికి పోయాడు. పత్రిక ఇచ్చి, కాఫీ తాగి, అట్నుంచి అటే బద్వేలు పోయాడు. సాయంత్రం నా ఫోను టింగుమంది. చూస్తే పత్రిక ఫోటో. దాని కింద జోడించిన చేతుల బొమ్మ ఒకటి.

అక్క ఫోన్ చేసింది. “ఆయన మనసులో ఏమీ లేదప్పా. మనోడే కదా, మనోనికి పిలుపు ఏంటికి అనుకున్న్యాడు.”

“మనోడు కాబట్టే ముందు పిలవాల్సింది. పిలవని పేరంటానికి నేను రానక్కా” అన్నాను.

ఇప్పటికీ ఆ మాట తప్పని నేననుకోను. ఎవరన్నా అనుకుంటే వాళ్ళింట్లో పెండ్లికి ఫోటో పంపి చూడమనండి. పెండ్లినాడు మండీలో కూర్చుని, ఆ రోజు రాని సరుకు కోసం దారి చూశాను. ముహూర్తం దాకా అక్క కళ్యాణమంటపం గేటు దగ్గరే నిలబడిందని తర్వాత తెలిసింది. గంప మా చిన్నాయన కొడుకు మోశాడు. “వాని మొగం చూడను” అని బావ అన్నాడు. “సంతోషం” అని నేనన్నాను. మా ఇద్దరి మధ్య అక్క అడకత్తెరలో పోకచెక్క అయిపోతుందని అందరూ జాలిపడ్డారు. ఆమె పోకచెక్క రకం కాదు. మా నాయన కోపం నాకెంత వచ్చిందో ఆమెకూ అంతే వచ్చింది. “మీరిద్దరూ నోరు తెరిచి మాట్లాడుకున్న రోజు నా పుట్టింటి గడప తొక్కుతా. అంతదాకా రాను” అని తేల్చేసింది. అన్నట్టుగానే రాలేదు. ఫోన్లో మాట్లాడేది, పండక్కి పలకరించేది, కర్నూలు మీదుగా హైదరాబాదు పోయేది, ఇంటికి మాత్రం వచ్చేది కాదు. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డకు ఒడిబియ్యం పోయాలి కదా, దానికని మా ఇంటామె ఏడాదికొక చీర, రవికగుడ్డ కొని బీరువాలో పెట్టేది. బీరువా తెరిచినప్పుడల్లా ఆ మడతలు కనబడేవి. అక్క రావాలని నాకు ఉండేది. శానా ఉండేది. అయితే ముందు నోరు తెరవాల్సింది నేనా?

మా సీమలో మాటల్లేవంటే అసలు మాట్లాడుకోరని కాదు. మూడో మనిషిని అడ్డం పెట్టుకుని మాట్లాడుకుంటారని అర్థం. చుట్టాల చావులకూ పెండ్లిళ్ళకూ బావా నేనూ ఎదురుపడక తప్పేది కాదు. బంతిలో కూర్చున్నప్పుడు బావ వడ్డించేవాడితో, “ఆయన ఆకులో పప్పు అయిపోయినాది, చూడప్పా” అనేవాడు. నేను ఆ వడ్డించేవాడితోనే, “చాలని చెప్పప్పా” అనేవాణ్ణి. పప్పు మాత్రం పడేది.

అలా నడిచిపోతుండగా మేనకోడలికి ఆడపిల్ల పుట్టింది. పిల్లా, అల్లుడూ ఉండేది జర్మనీలో. పురుడు పోయడానికి అక్క ముందే పోయింది. పేరు పెట్టే పండక్కి బావ పోవాలి. కానీ అంతకు ముందే ఆయనకు వెన్నుపూస ఆపరేషన్ అయింది. లారీ సీటు మీద ఇన్నేండ్లు ఎగిరిన నడుము అది. ఎక్కువసేపు కూర్చోకూడదు, పడుకునే ప్రయాణమైతేనే పొమ్మన్నాడు డాక్టరు. అల్లుడు ఆఫీసు పని మీద ఊరూరా తిరిగి విమానం పాయింట్లు కూడబెట్టుకున్నాడట. వాటితో రెండు బిజినెస్ క్లాసు సీట్లు తీసుకున్నాడు. రెండోది ఎవరికో నాకు అక్క ఫోన్ చేసేదాకా తెలీదు.

“మీ బావకు ఇంగ్లీషు రాదు, హిందీ రాదు, వంగితే నడుం పట్టుకుంటాది. ఒక్కణ్ణే పంపేదానికి లేదు. నువ్వు పిల్చుకొని రాప్పా.”

“మేం మాట్లాడుకోం కదక్కా.”

“మాట్లాడమని ఎవురు చెప్పినారు? నడుము నొప్పి లేకుండా తెచ్చి నాకు అప్పజెప్పు, చాలు.”

ఇక అక్కను కాదనలేకపోయాను. ఎప్పుడో సింగపూరు చూద్దామని తీయించుకున్న పాస్‌పోర్టు బీరువాలోనే, ఆ చీరల కిందే ఉంది.

బద్వేలు నుంచి బావ కారు కర్నూలు వచ్చి మా వీధి మొదట్లో ఆగింది. ఇంటి ముందుకు రాలేదు. నేనే పెట్టె మోసుకుని పోయి ముందు సీట్లో కూర్చున్నాను. హైదరాబాదు దాకా మా ఇద్దరికీ కారు డ్రైవరే దిక్కు. “ఆయన్ను టీ తాగుతాడేమో అడుగు” అని వెనక నుంచి. “వద్దని చెప్పు, ఆయన్ను మాత్ర వేసుకోమను” అని ముందు నుంచి. పాపం ఆ డ్రైవరు విమానాశ్రయం రాగానే మా పెట్టెలు దించి, సెలవు తీసుకున్న తీరు చూస్తే బరువు దిగిందని తెలిసిపోయింది.

లోపల తనిఖీ దగ్గర బావ చొక్కా జేబులోంచి కాగితం పొట్లం ఒకటి బయటపడింది. యూనిఫాం వేసుకున్నామె విప్పి చూసింది. కుంకుమ. దాంట్లోనే పసుపు కలిపిన అక్షింతలు కొన్ని. ఇదేమిటని ఆమె నన్నడిగింది. మనవరాలికి పేరు పెట్టే పండగుంది, దానికోసం అని వచ్చిన హిందీలో చెప్పాను. ఆమె పొట్లం మళ్ళీ మడిచి ఇచ్చింది. జర్మనీలో కుంకుమ దొరకదని అక్క తెప్పించుకుంటున్నట్టుంది అనుకున్నాను. బావ పొట్లాన్ని జేబులో పెట్టుకుని పైన తడుముకున్నాడు.

విమానంలో మా సీట్లు నడిమధ్యన, పక్కపక్కనే. ఒక్కొక్కటీ చిన్న గది. నడుము ఎత్తు గోడ, ఎవరి దారి వైపు వాళ్ళకు జరిపే చిన్న తలుపు. రెండు గదుల మధ్య ఒక అడ్డుపలక, మీట నొక్కితే లేస్తుంది, నొక్కితే దిగుతుంది. కూర్చోగానే ఇద్దరం చెరొక వైపు నుంచి ఆ మీట వెతికాం. ఎవరిది ముందు తగిలిందో గానీ పలక లేచింది. బావ తల మీది నెరిసిన వెంట్రుకలు మాత్రం పైన కనబడుతున్నాయి.

ఒక అమ్మాయి వచ్చింది. ఏ దేశపు పిల్లో తెలీదు, తెలుగు రాదని మాత్రం తెలుసు. నా సీటు పక్కన మోకాలు వంచి కూర్చుని, నా ఇంటిపేరు సగం పలికి, నోరు తిరక్క నవ్వి, మీరు మా విమానానికి రావడం సంతోషమన్నట్టుగా ఇంగ్లీషులో చెప్పింది. ఎంత జీతానికి చేసినా మర్యాద మర్యాదే. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

“పిలవడమంటే ఇట్లుండాలని కొందరికి చెప్పమ్మా” అని తెలుగులోనే గట్టిగా అన్నాను.

ఆ పిల్ల తలూపి పోయి వేడి తువ్వాలు తెచ్చి ఇచ్చింది. పలక అవతల నుంచి ‘హూ’ అని ఒక శబ్దం వచ్చింది. లారీలో గేరు పడనప్పుడు బావ చేసే శబ్దమే. ఆరేండ్ల తర్వాత అంత దగ్గర నుంచి విన్నాను.

విమానం లేచాక భోజనం సంగతి వచ్చింది. కోడికూరా, శాకాహారమా అని అమ్మాయి బావను అడిగింది. మేము శనివారం నీచు ముట్టం. శుక్రవారం రాత్రి ఇంట్లో బయల్దేరాం, గడియారం ఎప్పుడో పన్నెండు దాటింది. బావకు పెద్ద చిక్కే వచ్చిపడింది.

“తల్లీ, ఇప్పుడు శుక్రవారమా శనివారమా, ఆ పక్కాయన్ను అడుగు” అన్నాడు తెలుగులో.

ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నా వైపు చూసింది. నేను ఆమెకే చెప్పాను. “పొద్దు పుట్టేదాకా శుక్రవారమేనని చెప్పమ్మా. మనం పడమటికి పోతాండాం, పొద్దు పుట్టేదానికి ఇంకా శానా సేపు పడుతుంది. తినమను.”

“ఆయనేం తింటాడో అడుగు.”

“ఆయన తినేదే నేనూ తింటానని చెప్పు.”

ఆ అమ్మాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వేలితో కార్డు మీద చూపించి అడిగి, ఇద్దరికీ కోడికూర తెచ్చింది. తెల్ల గుడ్డ పరిచి, పింగాణీ పళ్ళెంలో పెట్టింది. ఇక్కడ ఇంకో చిక్కు. బావ మా ఇంటి అల్లుడు, మా ఇంట్లో అల్లుడు ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఇంకొకరు అన్నం కలపరు. నేను బావ కోసం ఆగాను. పలక అడ్డం ఉంది, తింటున్నాడో లేదో కనబడదు. చప్పుడు కోసం చెవి పెట్టాను. చప్పుడు లేదు. ఆయన నాకోసం ఆగి ఉంటాడని నాకు తట్టలేదు. ఆయన పద్ధతి వేరు. ప్రయాణంలో పక్కన కూర్చున్నవాడు తినకుండా తాను తినడు. లారీలో సద్ది విప్పినప్పుడు కూడా ముందు నాకిచ్చేవాడు. అలా ఇద్దరం చల్లారిపోతున్న కూరను చూస్తూ కూర్చున్నాం. అమ్మాయి వచ్చి, బాగా లేదా అని దిగులుగా అడిగింది.

“ఆయన్ను తినమని చెప్పు తల్లీ” అన్నాడు బావ.

“పెద్దాయన మొదలుపెడితే తింటానని చెప్పమ్మా” అన్నాను నేను.

ఆ పిల్లకు ఏం తోచిందో, చెయ్యి చాపి మధ్యలో ఉన్న మీట నొక్కింది. పలక కిందికి దిగిపోయింది. బావ చేతిలో చెంచా, నా చేతిలో చెంచా. ఇద్దరం ఎదుటి సీటు వీపును చూస్తూ ఒకేసారి తినడం మొదలుపెట్టాం. ఉప్పూ కారం లేని కూర. సంగటి లేని కోడికూరను కోడికూర అనడం కూడా తప్పే. ఆకలి మీద ఉన్నాం, తిన్నాం. తిన్నాక మళ్ళీ ఎవరమూ ఆ మీట ముట్టుకోలేదు.

తర్వాత దీపాలు తీసేశారు. అమ్మాయి వచ్చి మా సీట్లు మంచాలు చేసి, పక్కలు పరిచి, ముందుకెళ్ళి పరదా వేసుకుంది. నేను పడుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళందరూ దుప్పట్లలో దూరారు. బావ ఒక్కడే పరిచిన పక్క మీద నిటారుగా కూర్చుని, ఎదురుగా ఉన్న టీవీలో విమానం బొమ్మ సముద్రం మీద పాకుతుంటే అదే చూస్తున్నాడు. అప్పుడప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి నడుం నొక్కుకుంటున్నాడు. నాకు భయమేసింది. ఈ రాత్రంతా ఇలాగే కూర్చుంటే రేపు దిగేటప్పుడు లేవలేడు. నడుం నొప్పి లేకుండా అప్పజెప్పమని అక్క అడిగింది ఒక్కటే. అది కూడా చేయలేకపోతే ఆమెకు ఏ మొహం చూపించాలి?

పడుకోమని చెప్పడానికి మూడో మనిషి లేదు. కారు డ్రైవరు లేడు, వడ్డించేవాడు లేడు, ఆ పిల్ల పరదా వెనక్కి పోయింది. బొత్తాం నొక్కి పిలవచ్చు గానీ, నిద్రపోతున్నదేమోనని మనసు రాలేదు.

కొంతసేపటికి విమానం కుదిపింది. గుంతల రోడ్డు మీద పడ్డట్టు రెండు మూడు సార్లు ఎగిరింది. బావ సీటు చేతులు గట్టిగా పట్టుకున్నాడు. టీవీ వైపే చూస్తూ, ఎవరికీ కానట్టు అన్నాడు.

“డ్రైవరు పక్కన ఎవురన్నా మాట్లాడతాండారో లేదో.”

నేను పైకప్పు వైపు చూస్తూ, ఎవరికీ కానట్టే జవాబు చెప్పాను. “ఇద్దరు ఉంటారంట. ఒకరు నడిపితే ఒకరు చూస్తాంటారంట.”

“ఇద్దరూ నిద్రపోతే?”

నవ్వొచ్చింది. నవ్వితే మాట్లాడినట్టవుతుందని ఆపుకున్నాను. ఆయనకు నిద్ర ఎందుకు పట్టలేదో అప్పుడు అర్థమైంది. స్టీరింగు ఇంకొకడి చేతిలో ఉంది. లేచి కూర్చున్నాను. దుప్పటి భుజాల చుట్టూ కప్పుకున్నాను. నా ముందున్న టీవీలో కూడా అదే విమానం బొమ్మ పెట్టుకున్నాను.

“నేను మేలుకొని ఉంటా” అని ఆ బొమ్మతో చెప్పాను. “పండుకోనీ.”

బావ నెమ్మదిగా ఒక మోచేయి ఆనించి, ఒక కాలు చాపి, ఇంకో కాలు చాపి, పక్కకు ఒరిగాడు. కాసేపటికి గురక. ఆ గురకకు అవతలి వరసలో ఎవరో దుప్పటి తల మీదికి లాక్కున్నారు. వాళ్ళకు విసుగ్గా ఉండచ్చు. నాకు మాత్రం కండ్లలో నీళ్ళు వచ్చాయి. ఎందుకు దాచాలి? ఆరేండ్లకు ఆయన నన్ను నమ్మి నిద్రపోయాడు.

మాట ఇచ్చాక కునుకు తీస్తే ఎలా? తెల్లవారేదాకా టీవీలో బొమ్మను చూస్తూ కూర్చున్నాను. కింద పేర్లు మారుతున్నాయి, ఒక్కటీ మనకు తెలిసిన ఊరు కాదు. నిద్ర ఆపుకోవడానికి ఎక్కాలు చెప్పుకున్నాను. పదిహేడో ఎక్కం దగ్గర ఎప్పటిలాగే తప్పాను, దిద్దేవాడు గురక పెడుతున్నాడు.

కిటికీల దగ్గర వెలుతురు వచ్చింది. శనివారం పుట్టింది. బావ లేచాడు. సులువుగానే లేచాడు, నడుం పట్టుకోలేదు. నా వైపు చూడకుండా ముఖం కడుక్కోవడానికి పోయాడు. వచ్చేటప్పుడు తన సీటు వైపు దారిలోంచి రాలేదు. చుట్టూ తిరిగి, నా వైపు దారిలోకి వచ్చి, నా చిన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. ముఖం తడి తుడుచుకుని, తల దువ్వుకుని, చొక్కా పైబొత్తాం పెట్టుకుని ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. అయినా దాని మీద వేలితో కొట్టాడు.

నేను లేచి నిలబడ్డాను.

బావ జేబులోంచి పొట్లం తీశాడు. తడి వేలు కుంకుమలో అద్ది నా నుదుట పెట్టాడు. అక్షింతలు నా చేతిలో పోశాడు. ఎప్పుడూ నన్ను ‘నువ్వు’ తప్ప అనని మనిషి, కాంట్రాక్టరును పిలిచినంత మర్యాదగా పిలిచాడు.

“బద్వేలు నుంచి వచ్చినాను. మా మనవరాలికి పేరు పెడతాండాం. మీరు తప్పకుండా రావాల.”

విమానం ఆ పండక్కే పోతోంది. నేను దాంట్లోనే ఉన్నాను. ఇక రాకుండా ఎక్కడికి పోతాను? అయినా పిలుపు పిలుపే. దానికో జవాబు ఉంది, అదే చెప్పాను.

“అట్లే. వస్తాము.”

పిలవడానికి గడప దాకా వచ్చినవాళ్ళను నిలబెట్టి పంపకూడదు. నా సీటుకు ఎదురుగా కాళ్ళు పెట్టుకునే దిమ్మె ఉంది. దాని మీది దుప్పటి తీసేసి, కూర్చోమన్నాను. కూర్చున్నాడు. ఇవ్వడానికి నా దగ్గర నీళ్ళ సీసా తప్ప ఏమీ లేదు. ఇచ్చాను. రెండు గుక్కలు తాగి మూత పెట్టాడు.

“మనోడే కదా అనుకుంటి” అన్నాడు. “మనోనికే ముందు పిలుపని తెలీకపోయెనప్పా.”

“గంప మోసేవాణ్ణి బావా” అన్నాను. ఆరేండ్లుగా న్యాయం నాదని అందరికీ చెప్పాను గానీ, ఆ ఒక్క మాట ఎవరికీ చెప్పలేదు.

బావ తల వంచుకుని నీళ్ళసీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. “గేటు కాడ నేనూ నిలబడినా. మీ అక్క ఒగతే కాదు” అన్నాడు.

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. అంతలో టిఫిను బండి తోసుకుంటూ ఆ అమ్మాయి వచ్చింది. నా నుదుటి బొట్టునూ, దిమ్మె మీద కూర్చున్న బావనూ చూసి ఆగిపోయింది. “ఏమి తింటావప్పా?” అని బావ నన్నే అడిగాడు. ఆ పిల్లకు తెలుగు రాకపోయినా, ఈసారి ఆ ప్రశ్న తనను కాదని తెలిసినట్టుంది. ఇద్దరి టిఫినూ నా బల్ల మీదే పెట్టి పోయింది. శనివారమని ఇద్దరం గుడ్డు పక్కకు పెట్టి, రొట్టె తిన్నాం.

దిగేటప్పుడు పెట్టె నేను మోస్తానంటే వినలేదు, నడుం బాగుందన్నాడు. చివరికి చెరొక చెయ్యి వేశాం. బయట అక్కా, మేనకోడలూ నిలబడి ఉన్నారు. అక్క ముందు మొగుడి నడుం వైపు చూసింది, తర్వాత నా నుదుటి వైపు. అక్కడే ఆగిపోయింది.

“నువ్వు తెమ్మన్న కుంకుమ పొట్లం భద్రంగా తెచ్చినాం, కొంచెం ఖర్చయింది” అన్నాను ఆమె చూపు తట్టుకోలేక.

“నేనేం తెమ్మనలేదే” అంది అక్క. “ఈడ అన్నీ దొరుకుతాయి కదప్పా.”

నేను బావ వైపు తిరిగాను. బద్వేలులో బయల్దేరినప్పుడే ఆ పొట్లం జేబులో పెట్టుకున్నాడన్నమాట. మా వీధి మొదట్లో కారు ఆపినప్పుడూ జేబులోనే ఉంది. అక్కడి నుంచి మా ఇంటి గడపకు నాలుగు అడుగులు. ఆ నాలుగు అడుగులు వేయడానికి ధైర్యం చాలక సముద్రాలు దాటాడు.

బావ పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. సగం కుంకుమ ఇంకా ఉంది.

“పిలిచేదుంటే ఇప్పుడే పిలువు” అన్నాడు. “ఫోన్లో పిలిస్తే మీ అక్క రాదు. మీ ఇంటి మనిషి కదా.”

జనం మమ్మల్ని తప్పుకుని పెట్టెలు లాక్కుంటూ పోతున్నారు. నేను పొట్లం విప్పి అక్క ముందు పట్టుకున్నాను. ఒడిబియ్యం పోస్తాం, ఇంటికి రా అక్కా అని చెప్పాలి. పిలుపు మాటలు చిన్నప్పటి నుంచి వింటున్నవే, ఒక్కటీ నోటికి రాలేదు. అక్క తానే వేలు కుంకుమలో అద్ది నుదుట పెట్టుకుంది.

“వస్తాలే” అంది. “ఇంత దూరం వచ్చి పిలిస్తివి.”